ఉద్దేశం రాసుకోండి

చదువుకున్న తమ్ముళ్ళూ, ఇది మేం కళ్ళారా చూసింది. బర్మాలో బోటాటౌంగ్ రేవులో, జ్వరంతో వణికే మా ముఠా కూలీ జోగి నెత్తిన బియ్యం బస్తా పెట్టి, కూలీల మేస్త్రి సత్తిరాజు వాణ్ణి ఓడెక్కే పలక మీదికి తోశాడు. కాలుజారి జోగి ఏట్లో పడ్డాడు. మా పాటగాడు బంగారయ్య తాడు వేయబోతే మేస్త్రి అడ్డం నిలబడ్డాడు.

"ముందు బస్తాలు!"

బంగారయ్య పాటెత్తాడు. "హైలెస్సా!" పాట వినబడితే మా ముఠాలో ఎవరూ ఎందుకని అడగరు, వచ్చి చెయ్యి వేస్తారు. అలాగే పరుగెత్తాం. బంగారయ్య మేస్త్రిని ఒక్కటిచ్చి తాడు లాక్కున్నాడు. అప్పటికే జోగి మునిగిపోయాడు.

చంపినవాణ్ణి వదిలేసి, గుంపు కట్టి దొమ్మీ చేశాడని బంగారయ్యను జైల్లో వేశారు. ఎందుకు గుమిగూడారని మెజిస్ట్రేటు అడిగితే మా వాళ్ళందరిదీ ఒకటే మాట: "పాటెత్తినాడు బాబూ, వచ్చీసినాం." వెర్రిమొహాలం! జోగిని బతికించడానికని ఒక్కడూ అనలేదు.

బర్మా ప్లీడరు ఊ బ తా ఛార్జి కాగితం చదివాడు. "దొమ్మీ అంటే గుంపుకు ఫలానా చెడ్డ ఉద్దేశం ఉందని రాయాలి. ఇందులో రాయలేదు. దాని మీదే అప్పీలు."

జోగి పెళ్ళాం పైడితల్లి భగ్గుమంది. "కాయితంలో ఏటి నేదో సెప్తన్నావు. నా మొగుణ్ణి ముంచీసినోడి మాటేటి?"

"ఆ మాట ఈ అప్పీల్లో రాదమ్మా. ముందు మనిషి బయటికి రావాలి."

"రానీ. సత్తిరాజుగాడి పని ఆనక సూత్తాను."

పెద్దకోర్టు శిక్ష కొట్టేసింది. ఆ నోటితోనే, ఛార్జి సరిగ్గా రాసి మళ్ళీ విచారించమంది. బంగారయ్య జైలు గేటు దాటాడో లేదో, పోలీసులు మళ్ళీ పట్టుకున్నారు. పక్కన సత్తిరాజు మీసం దువ్వుతున్నాడు.

"ఈపాలి ఏటి రాత్తారు?" పైడితల్లి ఇన్స్పెక్టరుకు అడ్డం నిలబడింది.

"మీ ఉద్దేశమేమిటో రాస్తాం. తప్పుకో!"

ఆడది పాటెత్తడం మా రేవులో ఎవరూ వినలేదు. పైడితల్లి ఎత్తింది.

"హైలెస్సా!"

వీధివీధినుంచి ముఠాలు కదిలాయి. గంజాం కూలీలొచ్చారు, బర్మా పడవవాళ్ళొచ్చారు. సత్తిరాజు మీసం వదిలేసి పోలీసుల వెనక్కి నక్కాడు. పైడితల్లి ఇన్స్పెక్టరు వైపు తిరిగింది.

"ఆయేల పాట ఇని వొచ్చినారు బాబూ. ఇయేల ఎందుకో ఎరిగే వొచ్చినారు. బంగారయ్యని వొదిలీదాకా, ఈ మేస్త్రి బోనెక్కీదాకా రేవుల బస్తా నేవదు. అదీ మా ఉద్దేశం. రాసుకో!"

ఇన్స్పెక్టరు లాఠీ ఎత్తాడు. మేం ఒకరి భుజం ఒకరం పట్టుకుని పాటకు బదులు పలికాం.