బావికి మేత

అన్నంలో పెట్రోలు కంపు వస్తోందని మొదట చెప్పింది నేనే. "కిరసనాయిలు డబ్బా ముట్టుకున్న సేత్తో బియ్యం కడిగినావేటి?" అంది మా అత్త అప్పలమ్మ. ఎదురుగా హైవే మీది బంకులో భూమిలోపలి ట్యాంకు కారి, అది మా పెరటి బావిలోకి దిగిందని తేలాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అప్పటినుంచీ రైలుగేటు అవతలి బోరు నుంచి ఇంటిల్లిపాదికీ నీళ్ళు నేనే మోశాను. మూడో నెల కడుపు ఆ దారిలోనే పోయింది. "బిందెలు మోసినోళ్ళందరికీ పోతన్నాయేటి?" అంది అత్త. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తుంది.

బావి బాగుచెయ్యడానికి విశాఖ నుంచి భార్గవి గారనే ఇంజనీరు వచ్చారు. పెట్రోలును తినే సూక్ష్మజీవులు మట్టిలోనే ఉంటాయనీ, గాలీ తిండీ అందిస్తే అవే నీళ్ళు శుభ్రం చేస్తాయనీ చెప్పి, బావి చుట్టూ గొట్టాలు దింపి గాలికి చిన్న మోటారు పెట్టారు. గొట్టాల్లో ఆ జీవాల తిండి కలిపిన నీళ్ళు పొయ్యడం నా పనైంది. "పురుగులకి మేతేత్తంది మహాతల్లి," అని మా ఆయన లోకనాథ్ నవ్వేవాడు. నవ్వుకోనీ అనుకున్నాను. చేద పైకి లాగిన ప్రతిసారీ వాసన చూసేదాన్ని. తగ్గుతోంది. ఇంతలో నాకు మళ్ళీ నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. కడుపు బరువెక్కేలోగా బావి బాగుపడాలని, ఆ కనిపించని జీవాల్నే బతిమాలుకునేదాన్ని.

ఆడపడుచు రోజాని చూడ్డానికి పెళ్ళివారు వస్తారనగా, మా ఆయన పంచాయతీ నుంచి బ్లీచింగ్ పౌడరు బస్తా తెచ్చి బావిలోనూ గొట్టాల్లోనూ పోశాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. "పెళ్ళోరి ముందు కంపు కొడితే పరువేటవుద్ది? నీకేటి తెల్సు, తప్పుకో," అన్నాడు.

తర్వాత భార్గవి గారు వచ్చి, నీళ్ళు పరీక్షించి గట్టు మీద కూలబడ్డారు. బ్లీచింగుకి జీవాలన్నీ చచ్చిపోయాయట. మళ్ళీ మొదటినుంచీ, ఇంకో ఏడాది. ఎవరు పోశారని అడిగారు.

"మా ఇంటిదేనండి. సదువు లేంది కదా, సుబ్బరమవుద్దనుకుంది," అన్నాడు మా ఆయన.

అత్త నా వైపు చూసింది, ఊరుకోమన్నట్టు. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పనే. కానీ ఏడాదంటే మళ్ళీ ఆ దారి, ఆ బిందెలు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. గట్టు మీది బిందె తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వే పోసినావు మావా. బిడ్డ పుట్టేదాకా నీళ్ళు నువ్వే తేవాల."