కొమ్మలు కోసిన మల్బరీ

ఫిబ్రవరి రాగానే బనాత్ పల్లెల్లో అందరూ చేసే పనే మిలుంకా చేసింది. నిచ్చెన వేసుకుని, వాకిట్లో మల్బరీ కొమ్మలన్నీ రంపంతో కోసేసి, పిడికిళ్లలాంటి మోడుతలలు మిగిల్చింది. జుట్టులో రంపప్పొట్టుతోనే పట్నంలో సంక్షేమ కార్యాలయానికి బస్సెక్కింది. విడాకులైపోయాయి. కూతురు దున్యా ఎవరి దగ్గర పెరగాలన్నది తేలాలి. ఈవిడకి మతి నిలకడ లేదని మొగుడు స్రెతెన్ కోర్టుకి రాసిచ్చాడు. అందుకే ఈ పరీక్ష.

నడవా ఊడ్చే యాగొదా చీపురు కింద ఎండుటాకులు గలగలమంటున్నాయి. పరీక్షల్లో గీసిన చెట్లు ఇక్కడ ఫైళ్లలోనే పెరుగుతాయి, ఆకులు రాలుస్తాయి. ఊడ్చే ఖర్మ ఆవిడది.

"ఏమే, లోపల డాక్టరు చెట్టు బొమ్మ వెయ్యమంటాడు. కాయలున్న ఆపిల్ చెట్టు వేసి పారెయ్. మీ ఆయన నిన్న అదే వేశాడు, ఎవరో నేర్పినట్టు."

"వాడా? పుట్టి బుద్ధెరిగి ఒక్క మొక్క నాటిన పాపాన పోలేదు!"

లోపల డాక్టర్ వెసెలిన్ కాగితం, పెన్సిలు ఇచ్చాడు. ఆమె పొద్దున కోసిన చెట్టునే వేసింది. లావు మాను, పిడికిళ్లు, పైన ఖాళీ.

"కొమ్మలన్నీ నరికేశారేంటమ్మా? లోపల పెద్ద గాయముంది. బిడ్డని అందుకునే చేతులే లేవు."

"గాయం కాదు డాక్టరుగారూ, ఏటా కోసేదే. కోస్తేనే గుబురుగా లేస్తుంది."

"ఈ ఫైళ్లలో కొన్ని మోళ్లు మోళ్లుగానే ఉండిపోయాయి." గొంతు తగ్గించాడు. "ఇంకో కాగితం ఇస్తాను. కాస్త నిండుగా వేయండి."

జాలిపడే ఇస్తున్నాడు. దున్యా కోసం తోటకి తోటే గీసెయ్యొచ్చు. మిలుంకా చెయ్యి కాగితం దాకా వెళ్లింది. ఆగింది.

"నేనేంటో చూడ్డానికేగా పిలిచారు? ఇదే నేను. తొందర మీది, నా చెట్టుది కాదు. మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి."

రాసుకున్నాడు: బిడ్డని తల్లి దగ్గర ఉంచరాదు.

జూన్‌లో విచారణ. ఆ ఫైలుని యాగొదా రెండు చేతులా వాటేసుకుని మోసుకొచ్చింది. జడ్జి తాడు విప్పగానే కొమ్మలు చటుక్కున లేచి బల్లంతా కమ్మేశాయి. పండిన కాయలు చితికి, డాక్టరు రాసిందంతా ఊదారంగు ముద్దయిపోయింది.

"అక్షరం కనపడ్డంలేదు," అంది జడ్జి ఆకులు పక్కకి తోస్తూ. "నోటితో చెప్పండి డాక్టరుగారూ."

వెసెలిన్ మల్బరీని చూశాడు. పక్కన స్రెతెన్ ఫైల్లో ఆపిల్ చెట్టు గీసింది గీసినట్టే ఉంది. ఒక్క చిగురు వెయ్యలేదు, ఒక్క ఆకు రాల్చలేదు. బల్ల దగ్గరికొచ్చిన దున్యా మొదట ఆపిల్ కాయనే లాగబోయింది. వేళ్లకి పెన్సిలు మసి అంటింది. లంగాకి తుడుచుకుని, మల్బరీ కొమ్మ వంచి నోటినిండా కుక్కుకుంది.

"నేను చూసింది ఫిబ్రవరిలోనండీ," అన్నాడు వెసెలిన్. "నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్ల తల్లి దగ్గరే ఉండాలి."

జడ్జి అలాగే తీర్పిచ్చింది.

"నా చొక్కా! ఈ మరక పోదు!" స్రెతెన్ అరిచాడు.

"పచ్చికాయతో రుద్దు, పోతుంది," అంది మిలుంకా. రంగు కారుతున్న కూతురి చెయ్యి పట్టుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"డాక్టరుగారూ, వచ్చే ఫిబ్రవరికి ఫైల్లో చెట్టుని కొయ్యాలి. భయమేస్తే కబురు పెట్టండి. రంపం నేనే తెస్తాను."