గుడ్ మార్నింగ్ చెప్పని నంబరు

నేను ఒక సెకండ్‌హ్యాండ్ ఫోన్‌ని. నా పుట్టుకలో గొప్పేమీ లేదు. ఫ్యాక్టరీలో బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చాను, అంతే. కాకినాడ రేవులో చేపల వేలం పాడే నూకరాజు రెండేళ్లపాటు నా చెవిలో అరిచాడు. స్పీకరు చిట్లి, ఒంటికి రొయ్యల కంపు పట్టాక రిపేరు షాపులో పడేశాడు. అక్కణ్ణించి వసుంధర చేతికొచ్చాను.

వసుంధర కమ్యూనికేషన్ శాఖలో పరిశోధక విద్యార్థిని. వాట్సాప్ గ్రూపుల్లో పుకార్లు ఎలా పుడతాయన్నది ఆమె థీసిస్. అందుకని నన్ను పార్కు నడక సంఘం గ్రూపులో చేర్పించింది. అడ్మిన్ సత్తిరాజు గారు రిటైరైన కరెంటు లైన్‌మన్. పరిశోధనకి అనుమతిచ్చాడు, అందరికీ చెప్పాడు కూడా. వారం తిరిగేసరికి అందరూ మర్చిపోయారు, ఆయనతో సహా. గైడు ఫణీంద్ర గారిది ఒకటే షరతు: చూడాలి, నోరు విప్పకూడదు. విప్పితే సేకరించిన సమాచారమంతా చెల్లదు, డాక్టరేటు గోవిందా.

ఆర్నెల్లు గమ్మునున్నాం. రెండు వందల పన్నెండు మంది రోజూ పొద్దున్నే గులాబీలు, సూర్యుళ్లు, కాఫీ కప్పులు నా మొహాన కొట్టేవారు. మేం ఒక్కటీ తిరిగి పెట్టలేదు. ఆ ఊళ్లో అంతకన్నా నేరం ఉందా?

ఓ రోజు సత్తిరాజు గారు రాశాడు: "వసుంధర గారు ఒక్కనాడూ గుడ్ మార్నింగ్ పెట్టలేదండీ. ఒంట్లో బాగోలేదేమో?"

పావుగంటలో గ్రూపువాళ్లు ఆమెని ఆసుపత్రిలో చేర్చేశారు, మెసేజిల్లోనే. ఇడ్లీలు తినే వేళకు వెంటిలేటరు. పది కొట్టేసరికి ఓం శాంతి. వీళ్లందరి చేతుల్లో ఉన్నవి ఫోన్లే కదా! ఒక్కడైనా ఫోన్ చేశాడా? చెయ్యడు. దణ్ణం బొమ్మ నొక్కడానికి ఒక్క వేలు చాలు.

వసుంధర పరుగున వెళ్లి గైడుకి చెప్పింది. ఆయన ఎగిరి గంతేశాడు. "అద్భుతం! మీ కళ్ల ముందే పుకారు పుట్టిందమ్మా. మాట్లాడకండి!"

"సార్, చచ్చిపోయింది నేనండీ!"

"అయితే మరీ మంచిది."

ఆదివారం కమ్యూనిటీ హాల్లో సంతాప సభ. వసుంధర నన్ను తీసుకుని వెనక వరసలో కూర్చుంది. ఆమె మొహం ఎవరికీ తెలియదు. ప్రొఫైల్‌లో పెట్టుకున్న మందార పువ్వునే పెద్దగా ప్రింటు తీయించి, దానికి బంతిపూల దండ వేశారు. పువ్వుకి పూలదండ!

సత్తిరాజు గారు మైకు అందుకున్నాడు. "మన గ్రూపులో తిట్టుకోనివాళ్లు ఎవరండీ? ఆవిడ మాత్రం పల్లెత్తు మాట అన్లేదండీ ఎవర్నీ!"

హాలంతా ముక్కులు చీదింది. వసుంధరకీ ఏడుపొచ్చింది. ఇక ఆగలేకపోయింది. థీసిస్ పోతే పోనీ అనుకుని లేచి నిలబడింది.

"ఏవండీ, వసుంధరని నేనే. బతికే ఉన్నానండీ."

"కూర్చోమ్మా," కసిరాడు సత్తిరాజు గారు. "పేరు కలిసినంత మాత్రాన సరా? పోయినట్టు గ్రూపులో పెట్టారు కదా!"

ఆమె నన్ను తీసి గ్రూపులో గుడ్ మార్నింగ్ పెట్టింది. హాల్లో రెండు వందల ఫోన్లు ఒక్కసారి మోగాయి.

"పాపం, చచ్చినావిడ ఫోన్ కూడా హ్యాక్ చేసేశారండీ!" అని సత్తిరాజు గారు అక్కడికక్కడే నన్ను గ్రూపులోంచి పీకేశాడు.

మర్నాడు వసుంధర తలొంచుకుని గైడు ముందు నిలబడింది. నియమం తప్పింది కదా. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు: "మీరు మాట్లాడారు. ఎవరైనా నమ్మారా?"

"ఒక్కరూ నమ్మలేదండీ."

"అయితే మీ మాటవల్ల ఏమీ మారలేదు. సమాచారం భేషుగ్గా ఉంది. రాసెయ్యండి."

డాక్టరేటు వచ్చింది. నన్ను డిపార్ట్‌మెంటు గాజు బీరువాలో కూర్చోబెట్టారు, పరిశోధన సామగ్రి అని చీటీ అంటించి. వచ్చిన విద్యార్థులు నన్ను చూసి తమ ఫోన్లతో ఫొటో తీసుకుని, వెంటనే ఎవరికో పంపుతారు. ఎందుకో అడిగితే వాళ్లకే తెలియదు.

నిన్న వసుంధర రికార్డు కోసం నాకో స్క్రీన్‌షాట్ పంపింది. పట్టా పుచ్చుకుంటున్న ఆమె ఫొటో పేపర్లో పడితే సత్తిరాజు గారు ఊరందరికీ పంపాడట, ఇలా రాసి: "మన స్వర్గీయ వసుంధర గారికి మరణానంతరం డాక్టరేటు ఇచ్చారండీ. బతికుండగా చూసుకోలేకపోయింది పిచ్చితల్లి. ఓం శాంతి."

కింద నూట తొంభై దణ్ణాలు. పైన వసుంధర, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.