పచ్చి కడ్డీ

బావ చేతులకి ఒక జబ్బుంది. ఇంట్లో గ్లాసు ఎత్తినా, చెంబు ఎత్తినా కావలసినదానికన్నా విసురుగా పైకి లేచి నీళ్లు ఒంటిమీద ఒలుకుతాయి. ఏళ్ల తరబడి టంగ్‌స్టన్ పొడి ఎత్తిన చేతులవి. ఆ పొడి చూడటానికి బూడిదలాగే ఉంటుంది గానీ, చిన్న డబ్బాడు ఎత్తబోతే నేలకి మేకులు కొట్టినట్టు కదలదు. కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజు నడుం పట్టుకుని కూలబడతారు, పాతవాళ్లు నవ్వుతారు. అలవాటయ్యాక చేతులు కనిపించిన ప్రతిదాన్నీ బరువే అనుకుని ముందుగానే బిగుసుకుంటాయి. భార్య ఉన్నప్పుడు అనేది, "మెల్లిగా ఎత్తు. అది గ్లాసు, నీ కడ్డీ కాదు" అని. ఇప్పుడు అనేవాళ్లు లేరు. నీళ్లు ఒలుకుతాయి, తుడుచుకుంటాడు.

షెడ్డులో అందరికీ అతను బావే. భార్య తమ్ముడిది కూడా అదే బల్ల దగ్గర పని. వాడు పొద్దస్తమానం "బావా, బావా" అనడంతో మేస్త్రీ మొదలు ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆ పిలుపే అంటుకుంది. తమ్ముడి పేరు చిన్నోడు. చెవుల దగ్గర నెరిసినా చిన్నోడే. పెళ్లి మాట ఎత్తితే నవ్వి తప్పించుకుంటూ ఒంటికాయగా మిగిలిపోయాడు.

వాళ్లిద్దరి పనీ కడ్డీ పొయ్యడం. టంగ్‌స్టన్ పొడిలో కాస్త నికెల్, కాస్త ఇనుము పొళ్లు కలిపి పీపాలో దొర్లించి తెస్తారు. దాన్ని పొడవాటి రబ్బరు గొట్టంలోకి ఒకడు పోస్తుంటే, ఇంకొకడు చుట్టూ అరచేత్తో తడుతూ సర్దుతాడు. ఎక్కడ తట్టడం తప్పితే అక్కడ కడ్డీకి నడుం సన్నబడుతుంది. బిరడా బిగించి గొట్టాన్ని నీళ్ల తొట్టిలోకి దింపితే, యంత్రం ఆ నీళ్లతోనే అన్నివైపుల నుంచీ దాన్ని నొక్కుతుంది. బయటికి తీసి రబ్బరు ఒలిస్తే లోపల కడ్డీ ఉంటుంది. పచ్చి కడ్డీ. ఎదిగొచ్చిన పిల్లాడంత బరువు, సుద్దముక్కంత పెళుసు. గోరు తగిలితే గీత పడుతుంది. కొలిమిలో కాలాక సంగతి వేరు. ఇనుమూ నికెలూ కరిగి టంగ్‌స్టన్ రవ్వల సందుల్లోకి పాకుతాయి, కడ్డీ దగ్గరపడి పొట్టిదై, సుత్తితో కొట్టినా విరగని దిమ్మె అవుతుంది. కాలేదాకా మాత్రం దాన్ని గాజులమలారంలా చూసుకోవాలి.

ఒలిచిన కడ్డీని బల్లమీద నుంచి, తెల్లపొడి పరిచిన కొలిమి పళ్లెంలోకి మార్చడం అన్నిటికన్నా కష్టం. చెరో చివరా చెరొకరు నిలబడి, కిందికి చేతులు పోనిచ్చి, రెండువైపులా ఒక్కసారే లేపాలి. ఒకడు కన్నుమూసి తెరిచేంత ముందు లేపినా నడుమ ఫట్‌మంటుంది. అందుకని బావ "ఊ" అనేవాడు. గట్టిగా కాదు, గొంతులోనే. ఆ చప్పుడుకి నాలుగు చేతులు కలిసి లేచేవి. ఇద్దరూ జట్టుకట్టాక ఒక్క కడ్డీ విరగలేదు.

బావ భార్య పోయాక వాళ్ల మధ్య మిగిలిన మాట అదొక్కటే.

గొడవేమీ జరగలేదు. జరిగుంటే బాగుండేదని బావకి ఒక్కోసారి అనిపించేది. గొడవైతే ఎవరో ఒకరు మధ్యకి వచ్చి సర్ది చెప్పేవారు. అసలు ఇద్దరి మాటలూ ఆమె మీదుగానే నడిచేవి. పొద్దున్నే ఆమె రెండు డబ్బాలు కట్టి ఇచ్చేది, మొగుడికొకటి, తమ్ముడికొకటి. మధ్యాహ్నం గంట కొట్టగానే చిన్నోడు మూత తీసి మొదలెట్టేవాడు. "బావా, నీ డబ్బాలో ముక్కలు ఎక్కువున్నాయి. అక్క నీకు భయపడి వేసిందా, నామీద కోపంతో తగ్గించిందా?" బావ నవ్వీ నవ్వనట్టు, "వెళ్లి మీ అక్కనే అడుగు" అనేవాడు. సాయంత్రం చిన్నోడు నిజంగానే వెళ్లి అడిగేవాడు. అలా అడగడానికి వెళ్లి భోంచేసి, అక్కడే పడుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అడగడానికి ఎవరున్నారు? చిన్నోడు నీళ్ల కుళాయి పక్కన కూర్చుని కొనుక్కున్న రొట్టె తింటాడు. బావ తన మూల తాను తింటాడు. ఎదురుపడితే ఒకరు దారి ఇస్తారు. ఒకసారి బావ రెండు డబ్బాలు కట్టుకొచ్చాడు కూడా. పిలుద్దామనుకునేలోపే భోజనాల వేళ అయిపోయింది. రెండో డబ్బా అలాగే ఇంటికి మోసుకెళ్లి, రాత్రికి అదే తిన్నాడు.

ఇలా ఉండగా ఉయ్యాల వచ్చింది. దాని అసలు పేరు వేరే ఉంది గానీ, చూడగానే జనం ఉయ్యాల అనేశారు. ఇనపచట్రానికి వరసగా గుడ్డపట్టీలు, పక్కన తిప్పే పిడి. పట్టీలు కడ్డీ కిందికి తోసి పిడి తిప్పితే, కడ్డీ పొడవునా ఒక్కలాగే లేస్తుంది. ఒక్క మనిషి చాలు.

"చిన్నోణ్ణి తిరుగుడు షెడ్డుకి పంపుతున్నాం" అన్నాడు మేస్త్రీ. కాలిన దిమ్మెల్ని లేతు యంత్రం మీద చెక్కే షెడ్డు అది, ఆవరణకి అవతలివైపు. "అక్కడ మనుషులు చాలట్లేదు. ఎల్లుండినుంచి ఉయ్యాల ఊపుకుంటూ నువ్వొక్కడివే రాజువి బావా."

"సరే" అన్నాడు బావ. చిన్నోడు రబ్బరు గొట్టం కడుగుతూ ఉండిపోయాడు.

ఆ పూట ఇంటికెళ్లాక బావ ఎల్లుండి సంగతే తలుచుకుంటూ కూర్చున్నాడు. రోజూ వినబడుతున్నది ఒక్క ఊ. అదీ తన గొంతులోదే. అయినా దానికి బదులుగా అవతల రెండు చేతులు కదిలేవి. ఎల్లుండినుంచి అదీ ఉండదు. ఆవరణ దాటి వెళ్లి పలకరించే మనిషి కాదు తను, దాటి వచ్చేవాడు కాదు వాడు. పొద్దున్నే లేచి తనకొచ్చినట్టు ఏదో వండి, రెండు డబ్బాల్లోనూ సర్దాడు. ఈసారి గంట దాకా ఆగకూడదు, ముందే చెప్పెయ్యాలి అనుకున్నాడు. ఏముంది అందులో, "నీకూ తెచ్చాన్రా" అనడమే కదా.

పొడి పోస్తున్నప్పుడు చెప్పాలనుకున్నాడు. ముఖాలకి గుడ్డలున్నాయి, కుదరలేదు. యంత్రం నొక్కుతున్నప్పుడు అనుకున్నాడు. దాని హోరులో తన మాట తనకే వినబడదు. రబ్బరు ఒలిచేటప్పుడు చిన్నోడు తల వంచుకుని ఉన్నాడు. కడ్డీ నల్లగా, నున్నగా, ఎక్కడా నడుం లేకుండా దిగింది. చెరో చివరా నిలబడి చేతులు కిందికి పోనిచ్చారు. ఇది ఎత్తేస్తే భోజనాల గంటే.

ఇద్దరి మధ్యా కడ్డీ పొడవంత దూరం. చిన్నోడి కళ్లు బావ మీద కాదు, కడ్డీ మీదున్నాయి. ఊ కోసం చూస్తున్నాడు.

"ఒరే" అన్నాడు బావ.

అంతే. చిన్నోడి చేతులు లేచాయి. ఇన్నేళ్లుగా ఆ నిమిషంలో బావ గొంతులోంచి ఏ చప్పుడొచ్చినా దానికి ఒకటే అర్థం. ఆ చేతులకి ఇంకో అర్థం తెలియదు. బావ చేతులు మాత్రం కదల్లేదు. నడుమ ఫట్‌మంది. కడ్డీ రెండు ముక్కలై బల్లమీద పడి, విరిగినచోట నల్లటి పొడి రాలింది.

చప్పుడు విని మేస్త్రీ వచ్చి చూశాడు.

"ఉయ్యాల చూసి అలిగారా ఇద్దరూ?" అన్నాడు. "పోన్లే, కాలకముందు విరిగింది. నలగ్గొట్టి, జల్లించి, మళ్లీ పొయ్యండి. ఇవాళే అయిపోవాలి." వెళ్లిపోయాడు.

చిన్నోడు ముక్కలవైపే చూస్తున్నాడు. "ఏమన్నావు బావా?"

"ఏం లేదు."

"ఏదో అన్నావు. అది ఊ కాదు."

"నువ్వెందుకు లేపావు మరి?"

"నువ్వు చప్పుడు చేస్తే లేపకుండా ఎప్పుడున్నాను?" గొంతులో కోపం లేదు. "చెయ్యి పెట్టాక మాట్లాడతారా ఎవరైనా? అంత ముంచుకొచ్చిందేంటి?"

బావ చేతులు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు. "డబ్బా తెచ్చాను" అన్నాడు. "నీకు."

గంట కొట్టింది. జనం కుళాయి దగ్గరికి కదిలారు. చిన్నోడు కాసేపు నిలబడ్డాడు, తర్వాత చేతులు కడుక్కుని వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. మూత తీసి లోపలికి చూశాడు.

"దీన్ని కూడా కొలిమిలో పెట్టావా?"

"అడుగంటింది కొంచెం."

"కొంచెం." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. "ఉప్పెక్కడ?"

"వేశాననుకున్నాను."

"అక్క చెప్పేది, నీకు నీళ్లు కాచడం కూడా రాదని."

ఆమె పోయాక ఆమె మాట ఇద్దరి మధ్యా రావడం అదే మొదలు. చిన్నోడు తల ఎత్తకుండా అడుగంటినదాంతో సహా గీకి తిన్నాడు. బావ సగంలో ఆపేసి వాణ్ణే చూస్తూ కూర్చున్నాడు. వాడి చెవి తీరు అచ్చం ఆమెదే. ఇన్నాళ్లూ ఎదురుగా నిలబడి కడ్డీనే చూశాడు గానీ, ఆ సంగతి గమనించలేదు.

తిన్నాక ముక్కల్ని రోట్లో వేసి నలగ్గొట్టారు. జల్లెడ చెరోవైపు పట్టుకుని ఊపారు. పొడి మళ్లీ పొడిలాగే దిగింది. బావ పోశాడు, చిన్నోడు తట్టాడు. కడ్డీ ఒలిచి, చేతులు కింద పెట్టబోతూ చిన్నోడు ఆగాడు.

"చెప్పాల్సిందేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. తర్వాత ఊ తప్ప ఏం వినను."

చెప్పాల్సింది చాలానే ఉంది. "ఏం లేదు" అన్నాడు బావ.

"పెట్టనా చెయ్యి?"

"పెట్టు."

కాసేపు ఆలస్యం చేశాడు బావ. "ఊ."

కడ్డీ లేచింది, పళ్లెంలో తెల్లపొడి మీద చప్పుడు లేకుండా ఒదిగింది. చిన్నోడు గుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, ఖాళీ డబ్బా తన సంచిలో పెట్టుకున్నాడు. "కడిగి తెస్తాను" అని ఆవరణ దాటి వెళ్లిపోయాడు.

మర్నాడు బావ ఒక్కడే. పొడి తనే పోసుకున్నాడు, తనే తట్టుకున్నాడు. పట్టీలు కడ్డీ కిందికి తోసి పిడి పట్టుకున్నాక నోటివెంట ఊ అని వచ్చేసింది. ఎదురుగా గోడ. పిడి తిప్పాడు. కడ్డీ ఎక్కడా వంకర పోకుండా లేచింది. ఉయ్యాల మంచి పనిమంతురాలు, దాన్ని తప్పుపట్టడానికి లేదు.

గంట కొట్టింది. డబ్బా ముందు పెట్టుకుని ఆవరణవైపు చూశాడు. అటునుంచి లేతుల రొద వస్తూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. తిరుగుడు షెడ్డుకి భోజనాల గంట వేరు. వీళ్లు తిని లేచాక వాళ్లు కూర్చుంటారు. ఎన్నేళ్లుగానో తెలిసిన సంగతే, నిన్న ఇద్దరికీ తట్టలేదు. కాసేపలాగే కూర్చుని, మూత తియ్యకుండానే డబ్బా పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికని కుళాయి దగ్గరికి వెళ్లాడు. అక్కడ మనుషులు లేరు. చిన్నోడు రోజూ ఆనుకునే గోడ మీద నూనె మరక మాత్రం ఉంది.

తిరిగి వచ్చేసరికి ఉయ్యాల పక్కన బల్లమీద రెండో డబ్బా ఉంది. తళతళా తోమి ఉంది. ఎప్పుడొచ్చి పెట్టి పోయాడో. దాన్ని సంచిలో వేద్దామని ఎత్తబోయాడు. ఖాళీదే కదా అని ఈసారి చెయ్యి మెత్తగా వెళ్లింది. డబ్బా లేవలేదు. చెయ్యి ఆగి, మళ్లీ పట్టు బిగించి ఎత్తింది.

మూత తీశాడు. వేడిగా ఏదో కూర, ముక్కలు సగం ఉడికీ ఉడక్కుండా. బల్ల చివర, నిన్న వాడు కూర్చున్నచోట కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలి మింగాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు పైకే, ఆవరణవైపు తిరిగి.

లేతులు తిరుగుతూనే ఉన్నాయి. డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. తర్వాత కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, రేపటికని కడిగాడు.