కొబ్బరి చిప్పల చెప్పులు

నేను ఒక మూడు కాళ్ళ స్టాండును. నా నెత్తిన కెమెరా ఎక్కి కూర్చుంటుంది, పేరంతా అదే కొట్టేస్తుంది. ఏదో కర్మాగారంలో అల్యూమినియం గొట్టాలు కోసి నన్ను తయారుచేశారు. ఒక కాలు పట్టు తప్పితే పురికొస చుట్టారు.

భీమిలి పక్క పేటలో ఫోటో స్టూడియో నడిపిన సన్యాసిరావు నా మొదటి యజమాని. పాతికేళ్ళు కలిసి పెళ్ళిళ్ళకు తిరిగాం. మనుషులకు ఒక్క క్షణం కదలకుండా నిలబడటం చేతకాదని నాకక్కడే తెలిసింది. తాళి కట్టేవాడు కూడా సరిగ్గా అప్పుడే ముక్కు గోక్కుంటాడు. ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. సన్యాసిరావు నన్నూ కెమెరానూ ఎదురింటి నీలవేణి చేతిలో పెట్టి నేర్చుకోమన్నాడు. ఆమె ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా.

ఆమెకు పెళ్ళిళ్ళు అక్కర్లేదు, చుక్కలు కావాలి. మామగారు ఎల్లాజీ నలభై ఏళ్ళు చుక్కల్ని చూసి సముద్రంలో దారి పట్టిన మనిషి. ఇప్పుడు కళ్ళకు నీటికాసులు వచ్చి చూపు సన్నగిల్లింది. పోయింది తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ డాక్టరు చెప్పేశారు. ఏదైనా ముక్కు దగ్గర పెడితేనే కనబడుతుంది. ఆయన బెంగంతా పిల్లలకోడి గురించే. కార్తీకంలో తూర్పున పొడిచే చిన్న చుక్కల గుంపును ఇక్కడ అలా పిలుస్తారు. కోడితో కలిపి ఏడు చుక్కలని ఆయన లెక్క. చూపు ఉండగానే దాన్ని ఆయనకు ఇంకోసారి చూపించాలని నీలవేణి పట్టుదల.

మొదటిసారి కార్తీక పున్నమికి సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. వెన్నెల ఉంటే చుక్కలు బాగా పడతాయనుకుంది. పైగా ఫ్లాష్ కూడా వేసింది. ఆకాశం ఉలకలేదు. ఫోటోలో చంద్రుడొక్కడే పిండిముద్దలా పడ్డాడు. ఎల్లాజీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజు చంద్రుడు సరిగ్గా కోడి పక్కనే కూర్చుంటాడట, అమావాస్యకు వెళ్ళాలట. అమావాస్య రాత్రి సముద్రం ఒడ్డుకేమిటని అత్తగారు గొణిగింది.

“నానుండగా బయమేటి” అంటూ ఆయన కర్ర అందుకున్నాడు.

ఆ రాత్రి నల్లటి ఆకాశం నిండా చుక్కలే. కెమెరా కన్ను పది సెకన్లు తెరిచి ఉంచాలి, అంతసేపూ నేను కదలకూడదు. ఇన్నేళ్ళు మనుషుల్ని ఆడిపోసుకున్నదాన్ని, తీరా నా వంతు వచ్చేసరికి తడి ఇసుకలో కూరుకుపోసాగాను. చుక్కలన్నీ గీతలయ్యాయి. మూడుసార్లూ అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. నీలవేణికి ఏడుపొక్కటే తక్కువ.

ఎల్లాజీ వంగి నా కాళ్ళు తడిమాడు. ఒడ్డున పడున్న కొబ్బరి చిప్పలు మూడు ఏరించి, ఒక్కో కాలూ ఒక్కో చిప్పలో దించాడు. పక్క పడవలోంచి వలకు కట్టే సీసం గుళ్ళు తెప్పించి నా నడుముకు వేలాడదీశాడు. ఈసారి నేను ఇసుక రేణువంత కూడా కదల్లేదు.

నీలవేణి కెమెరా తెర మీద ఫోటోను పెద్దది చేసి ఆయన ముఖం దగ్గర పెట్టింది. ఆయన వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడు దాటింది. పది దాటింది. ఇరవై ఏడు దగ్గర వేలు ఆగింది.

“ఓసి కోడీ, ఇన్ని పిల్లల్ని నాకు కనపడకుండా దాసినావా ఇన్నేళ్ళూ.”

ఇప్పుడు నేను వాళ్ళింటి తలుపు మూలన ఉంటాను. కాళ్ళకు కొబ్బరి చిప్పల చెప్పులున్న స్టాండును నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆ ఫోటో అచ్చువేయించి గోడకు పెట్టారు. ఈమధ్య ముక్కు ఆనించినా ఆయనకు ఏమీ కనబడటం లేదు. అయినా రోజూ లెక్కపెడతాడు, ఏ పిల్ల ఎక్కడుందో వేలికి తెలుసు. మొన్న ఇరవై ఎనిమిది వచ్చింది.

నీలవేణి దిద్దలేదు. నేనూ కదల్లేదు.