ఒంటరిగా అడగాల్సిన ప్రశ్న

శుక్రవారం మీటింగులో డాక్టర్ పద్మారాణి, ప్రియదర్శిని నింపిన సర్వే ఫారాలను అందరికీ ఎత్తి చూపించింది. కొట్టివేత లేదు, ఖాళీ గడి లేదు, సంతకం లేని కాగితం లేదు. పని అంటే ఇట్లా ఉండాలన్నది. మర్పల్లి వైపు తిరిగే నాగరాణి నలిగిన తన ఫారాల కట్టను నెమ్మదిగా ఒళ్ళోకి జరుపుకుంది. ప్రియదర్శిని తల వంచుకుని కూర్చుందే గానీ, ఆమె మనసు అప్పుడే తాండూరు రైలెక్కింది. నాయినకు ఎప్పుడు చెబుదామా అని ఉంది.

వాళ్ళ వంశంలో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. తండ్రి అనంతయ్య నాపరాళ్ళు మోసి మోసి నడుము వంగాక, ఇప్పుడు ఆ రాళ్ళ పాలిషింగ్ యూనిట్ దగ్గరే వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు. తల్లి భీమమ్మ నేటికీ కూలికి పోతుంది. పట్టా చేతికొచ్చిన రెండేళ్ళకు దొరికిన ఉద్యోగం ఇది. ఆఫీసు వికారాబాద్‌లో, తిరగాల్సింది యాలాల్ పక్కన సొంత ఊళ్ళోనే.

ఎముకలను బొక్కలనే ఆ ఊళ్ళో దాన్ని బొక్కల సర్వే అనేవాళ్ళు. నిజానికి అది పరిశోధన. కొందరి రక్తంలో ఒక గుర్తు కనబడుతుంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి సొంత కీళ్ళ మీద తిరగబడుతోందని చెప్పే గుర్తు అది. కీళ్ళు నొప్పి పెట్టక ముందే, ఏళ్ళ తరబడి రక్తంలో ఉండిపోవచ్చు. ఆ గుర్తున్న ఆడవాళ్ళ ఎముకలు మిగతావాళ్ళకంటే తొందరగా విరుగుతాయా అన్నది తేల్చాలి. అందుకోసం నలభై ఐదు దాటిన వాళ్ళ రక్తం తీశారు. ఆ తర్వాత ఆరు నెలలకొకసారి ఇంటింటికీ పోయి, ఈ మధ్య ఏదైనా ఎముక విరిగిందా అని అడిగి రాసుకోవాలి. గుర్తూ ఉండి, ఎముకా విరిగిన మనిషి కనబడితే వెంటనే స్కాన్‌కు పిలిచి మందులు మొదలుపెట్టాలని నియమం.

ప్రియదర్శిని ఊళ్ళో నలభై ఒక్క మంది పేర్లున్నాయి. రక్తంలో గుర్తున్నవాళ్ళు తొమ్మిది మంది. రెండేళ్ళలో ఒక్కరికీ, ఒక్క ఎముకా విరగలేదు. మర్పల్లి వైపు అట్లా లేదు. అందుకే వచ్చే ఏడు స్కాన్ బండీ మందులూ అటే పంపుదామనీ, యాలాల్ వైపు అవసరం లేదనీ మీటింగులో తీర్మానించారు. అది మంచి వార్తే అనుకుంది ప్రియదర్శిని.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. భీమమ్మ పెనం మీది జొన్నరొట్టెను తిప్పడం మరిచి బిడ్డ వైపు చూసింది.

"ఒక్కటి గూడ ఇరగలేదని రాసినవా?"

"ఇరిగితే చెప్పేటోళ్ళు గదమ్మా."

"ఎవరి ముంగట చెప్తరు?"

రొట్టె మాడిన వాసన వచ్చింది. భీమమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి, ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. తనతో కూలికి వచ్చే కాశమ్మకు నిరుడు వానకాలం మణికట్టు విరిగింది. ఈ ఏడు బోనాలప్పుడు జబ్బ దగ్గర విరిగింది. మొన్న బుధవారం కందికట్టెల మోపు నెత్తిన పెట్టుకుని గట్టు దిగుతూ పడ్డది, ఇంకా లేవలేదు. కాశమ్మ ఒక్కతే కాదు, ఇంకా ఉన్నారు.

"మరి నాకెందుకు చెప్పలే నువ్వు?"

"నన్నెప్పుడు అడిగినవ్? ఇంటోళ్ళను లెక్కల రాయద్దని మీ ఆఫీసోళ్ళు అన్నరంటివి. నా పేరే లేదు. మందిది నేనెట్ల చెప్పాలె?"

ప్రియదర్శినికి అన్నం సహించలేదు. తను ఎట్లా అడిగిందో అప్పుడు కళ్ళ ముందు కదిలింది.

ఆ ఊరి ఆడవాళ్ళంతా ఈశ్వరమ్మ గుంపులో పనికి పోతారు. ఏ పటేలు చేను ఏ రోజు కోయాలో, ఎవరు రావాలో చెప్పేది ఈశ్వరమ్మే. ఆమె పిలిస్తే పని ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు. పొద్దున ఆరింటికి ఆటో వచ్చేదాకా అందరూ ఆమె ఇంటి అరుగు మీద కూర్చుంటారు. మళ్ళీ పొద్దుగూకితే గానీ దొరకరు. పెద్దమనిషిని కాదని ఇంటింటికీ పోతే మర్యాద కాదని, ప్రియదర్శిని ముందు ఈశ్వరమ్మ దగ్గరికే పోయింది. అందరినీ ఒక్కచోట కూర్చోబెడతానని ఆమే అన్నది. పని సులువైంది. నలభై మందిని అరగంటలో అడగవచ్చు.

మొదటిసారి అడిగినప్పుడు అరుగంతా నవ్వులే. ఒకామె, ఈ పిల్ల మన బొక్కలు లెక్కవెడుతున్నది, మన్నుల పెట్టేనాడు తక్కువొస్తే నిలదీస్తదేమో అన్నది. ఆ నవ్వుల మధ్య ఈశ్వరమ్మ చేయి ఊపింది. "నా గుంపుల ఇరిగినోళ్ళు ఎవ్వరు లేరు బిడ్డ. ఇరిగినోళ్ళను నేనెట్ల తోల్కపోత పనికి?"

ఆ మాట తర్వాత ఎవరు నోరు విప్పుతారు? ప్రియదర్శిని ఒక్కొక్కరి పేరు పిలిచింది, ఒక్కొక్కరు లేదన్నారు, ఆమె లేదని టిక్కు పెట్టింది. ప్రతి ఫారం అడుగున ఒక వాక్యం అచ్చయి ఉంటుంది: ఈ ప్రశ్నలు ఒంటరిగా, వేరెవరూ వినకుండా అడిగాను. దాని కింద నాలుగుసార్లూ, నలభై ఒక్క ఫారాల మీదా గుండ్రంగా సంతకం చేసింది.

తెల్లారి కాశమ్మ ఇంటికి పోయింది. కాశమ్మ మంచం మీద పక్కకు ఒరిగి ఉంది. కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంది. గొర్లను వాకిట్లోనే కట్టేసి ఆమె భర్త చెన్నయ్య అంబులెన్స్ కోసం దారి చూస్తున్నాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఎల్లప్ప గడప దగ్గర కూర్చున్నాడు. పక్కన వెదురు బద్దలు, గుడ్డలు విప్పకుండానే ఉన్నాయి. కాశమ్మ చేయికీ జబ్బకూ కట్టు కట్టింది అతనే. ఈసారి ముట్టుకోనన్నాడు. తుంటి తన చేతిలోది కాదు, పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని మూడు రోజులుగా చెబుతున్నాడట. కంది కోత అయ్యేదాకా పోనని కాశమ్మే మొండికేసింది.

"పెద్దమ్మా" అన్నది ప్రియదర్శిని.

"కాయిదం తెచ్చినవా బిడ్డ?"

"లేదు."

"తెస్తే రాయకపోయినవా. ఇగ దాస్తే మాత్రం ఏమొస్తది, నన్నెవరు పిలుస్తరు పనికి." కాశమ్మ పెదవి తడుపుకుంది. "చెయ్యి ఇరిగిన్నాడు కొంగు కింద కట్టు దాసుకొని కోతకు పోయిన. నా సాలు సగం మీయమ్మనే కోసింది."

ప్రియదర్శిని మంచంకోడు పట్టుకుని కూర్చుంది. తల్లి ఆ రోజుల్లో రాత్రిళ్ళు భుజం పట్టమనేది. ఎందుకని ఎన్నడూ అడగలేదు.

"అప్పుడే చెప్పుంటే ఏమైతుండె?" అని కాశమ్మ అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. ఏమీ కాకపోతుండె పెద్దమ్మా అంటే ఆ మనిషి తేలిగ్గా ఊపిరి తీసుకునేది. "నీ రక్తంల ఆ గుర్తున్నది పెద్దమ్మా. చెయ్యి ఇరిగిందని రాసుంటే స్కాన్‌కు పిలుస్తుండిరి. బొక్కలు గట్టివడే మందులు ఇస్తుండిరి."

"గీ తుంటి ఇరగకపోతుండెనా?"

"ఏమో. ఇరగకపోతుండెనేమో."

 కాశమ్మ గోడ వైపు తల తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

అంబులెన్స్ వచ్చి, ఆమెను తాండూరుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయింది. ఆ రెండు రోజులు ప్రియదర్శిని ఫారాలు లేకుండా తిరిగింది. గుర్తున్న తొమ్మిది మందిలో మిగిలిన ఎనిమిది మందిని ఒక్కొక్కరినే కలిసింది. ఒకరిని పెరట్లో అంట్లు తోముతుండగా, ఒకరిని చర్చి అయిపోయాక వెనక మెట్ల మీద, ఒకరిని కందిచేను గట్టున. తలుపు వేసి అడిగితే జవాబు వేరుగా వచ్చింది. నలుగురు ఉన్నదన్నారు. ఒకామె రైక చెయ్యి పైకి లాగి, వంకరగా అతుక్కున్న ఎముకను ఆమె వేళ్ళతోనే తడిమి చూడమన్నది. కాశమ్మతో కలిపి ఐదుగురు.

సోమవారం వికారాబాద్ పోయి, డాక్టర్ పద్మారాణి గది తలుపు తనే మూసి, నిలబడే చెప్పింది. అరుగు సంగతి చెప్పింది, ఈశ్వరమ్మ మాట చెప్పింది, కాశమ్మ తుంటి సంగతి, మిగతా నలుగురి సంగతి చెప్పింది. డాక్టర్ బీరువాలోంచి ఒక ఫారం తీసి ముందు పెట్టింది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే మేడం."

"దాని పైన ఏముందో చదువు."

ప్రియదర్శిని పైకి చదివింది. 'ఒంటరిగా' అన్న దగ్గర ఒకసారి ఆగింది. అయినా చివరిదాకా చదివింది.

"నాగరాణి ఫారాలు నిండా తప్పులే. కూర్చుని దిద్దుకుంటాను" అన్నది డాక్టర్. "ఇంత అందంగా నింపిన అబద్ధాన్ని నేనెట్లా పట్టుకోవాలమ్మా? నిన్నటి దాకా మీ ఊరికి మందులు అక్కర్లేదని నేను సంతకం పెట్టబోయాను."

ఆ ఊరి ఫారాలన్నీ రద్దు. నాగరాణి మళ్ళీ మొదటి నుంచి అడుగుతుంది. ప్రియదర్శిని ఇక ఎవరినీ ఏ ప్రశ్నా అడగకూడదు. నెలాఖరు దాకా మనుషులను తీసుకొచ్చి దింపే పని చేయాలి, ఆ తర్వాత ఉద్యోగం సంగతి పైవాళ్ళు చూస్తారు. ఆమె అన్నిటికీ తల ఊపింది. చివరికి డాక్టర్ శనివారం స్కాన్‌కు ఆ నలుగురినీ పంపమన్నప్పుడు మాత్రం ఊరుకోలేదు.

"నలుగురిని పిలవద్దు మేడం. పిలిస్తే ఎవరెవరో ఊరంతా తెలుస్తుంది. పిలిస్తే నలభై మందినీ పిలవండి."

డాక్టర్ ఆమె ముఖం వైపు చూసి, రెండు బస్సులు మాట్లాడమని ఫోన్ తీసుకుంది.

కానీ కంది కోత జోరు మీద ఉన్నప్పుడు నలభై మంది ఒక రోజు పని మానాలంటే ఈశ్వరమ్మ ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం ప్రియదర్శిని ఆమె ఇంటికి పోయింది. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. లోపలికి రానిమ్మని అడిగి, తలుపు దగ్గరికి వేసి, పరీక్ష సంగతి చెప్పింది.

"ఎవరెవరు చెప్పిన్రు నీకు?" అన్నది ఈశ్వరమ్మ.

"అది చెప్పనత్తా."

"నాకు తెల్వదనుకుంటున్నవా పిల్లా? ఎవతి ఎడమ చేత్తో కోస్తున్నదో, ఎవతి సాలు ఎవతి కోస్తున్నదో నాకు కనవడదా? ముప్పై ఏండ్ల నుంచి గీ గుంపును తిప్పుతున్న." ఆమె గొంతు పెంచలేదు. "చూసి చూడనట్టుంటేనే వాళ్ళకు పని. ఇరిగినోళ్ళను పట్టుకొచ్చినవని పటేలు అంటే ఆ గుంపే పాయె, ఇంకో ఊరోళ్ళు దిగుతరు. నువ్వొచ్చి నలభై మంది ముంగట అడిగితివి. నేనేమని చెప్పాలె? సదువుకున్నదానివి, గంత ఎరుక లేకపాయెనా?"

"లేకపాయె అత్తా" అన్నది ప్రియదర్శిని. "తప్పు నాదే. కాశమ్మ పెద్దమ్మది నా వల్లనే అయింది."

 కాశమ్మకు ఆపరేషన్ అయిందా అని ఈశ్వరమ్మ అడిగింది. రేపట అని చెప్పింది ప్రియదర్శిని. మళ్ళీ నడుస్తుందా అని అడిగింది. కర్ర పట్టుకుని నడవవచ్చన్నారని చెప్పింది. ఈశ్వరమ్మ చాటలోని కందులు కాసేపు అటూ ఇటూ అన్నది.

"శనివారం కోత లేదని పటేలుకు నేను చెప్త" అన్నది చివరికి. "సర్కారు పరీక్ష, రాకపోతే పేర్లు కొట్టేస్తరట అని చెప్త. నీ పేరు ఎత్తను. నువ్వు మాత్రం నా గుంపులోళ్ళ పేర్లు ఎవ్వల దగ్గర ఎత్తకు."

శనివారం రెండు బస్సులు నిండా మనుషులు దిగారు. ఆఫీసు వరండా పొడుగునా వరసగా కూర్చున్నారు. అరుగు మీద ఉన్నంత ధైర్యం ఎవరికీ లేదు, నవ్వులూ లేవు. స్కాన్‌కు ముందు ప్రశ్నలడిగే గది లోపల నాగరాణి, ఒక బల్ల, రెండు కుర్చీలు. మొదటి పేరు పిలిస్తే ఆ మనిషి లేవలేదు. పక్కావిడ వైపు చూసింది, ఆవిడ ఈశ్వరమ్మ వైపు చూసింది.

ఈశ్వరమ్మే లేచింది. చెప్పులు బయట విడిచి, లోపలికి పోయి, తలుపు తనే వేసుకుంది. చాలాసేపు రాలేదు. ఒక మనిషి లేదు అని చెప్పడానికి పట్టే సమయం కంటే చాలా ఎక్కువసేపు.  వచ్చాక ఆమె ఎవరి ముఖమూ చూడకుండా కొంగు సర్దుకుని, మొదట పిలిచినావిడ జబ్బ పట్టి లేపింది.

"పో. లోపట మనోళ్ళు ఎవ్వరు లేరు. ఉన్నదున్నట్టు చెప్పు."

ఆవిడ లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. లోపలి మాట వినబడేంత దగ్గర్లో ఉండకూడదని ప్రియదర్శినికి ఆర్డరు. ఆమె వరండా చివరికి పోయి, మిగిలిన ముప్ఫై ఎనిమిది మందికీ గ్లాసుల్లో మంచినీళ్ళు పోయసాగింది.