గుట్ట దిగే గేరు

"రుమాలు ముందుకు గుంజుకో. జడ కనబడ్తుంది."

తెల్లవారకముందే ఖాళీ పాలక్యాన్లు పట్టుకుని బయల్దేరుతుంటే మా అత్తమ్మ శారదమ్మ రోజూ అనే మాట ఇది. కోపంగా ఏమీ అనదు. చాయ్ తాగిపో అన్నంత మామూలుగా అంటుంది. నేను తలకు మగవాళ్ళలా రుమాలు చుట్టుకుని, నందు పాత చొక్కా పైన తొడుక్కుని, లాల్‌దర్వాజా సందు బయట నిలిపి ఉన్న జీపు దాకా క్యాన్లు మోసుకెళ్ళేదాన్ని. నా భర్త నందు కర్ర పట్టుకుని వెనక మెల్లగా వచ్చేవాడు. ఆయన పక్క సీట్లో కూర్చునేవాడు. నేను స్టీరింగు ముందు. జీపు నడిపేది నేనేనని సందులో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ పైకి అనేవారు కాదు. "ఏం నందన్నా, పొద్దుగాల్నే తీసినవ్ బండి" అని ఆయన్నే పలకరించేవారు. ఆయన చెయ్యి ఊపేవాడు.

మా మామయ్య బీరయ్య బతికున్న రోజుల్లో బర్రెలు ఇంటి వెనకే ఉండేవి. చుట్టూ అంతస్తులు లేచాక పేడ వాసనని లొల్లి మొదలైంది. ఆయన పోయిన తర్వాత బర్రెలను బార్కస్ దాటాక ఉన్న గుట్ట మీదకు, చుట్టాల పొలంలోకి మార్చాం. పైకి దారి అంటూ లేదు. బండలు, వాటి మధ్య వాన కోసిన గాడులు. ఆటో ఎక్కదు, ట్రాలీ ఆటో అసలే ఎక్కదు. అందుకే నందు మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. కొన్న కొత్తలోనే చాంద్రాయణగుట్ట దగ్గర ఆయన మోటారు సైకిలును లారీ గుద్దింది. ఎడమ మోకాలు ఇక వంగలేదు. క్లచ్ తొక్కలేడు.

నాకు నడపడం నేర్పింది ఆయనే. కట్టు విప్పిన కొత్తలో, గుట్ట కింద బయలులో, పక్కన కూర్చుని నేర్పాడు. "మెల్లగ ఇడువు క్లచ్చు. బండి నిన్నేం తినదు. ఆగిపోతె ఆగనియ్యి, మల్ల తీద్దాం." నా పెళ్ళయ్యాక ఎవరూ నాతో అంత ఓపిగ్గా మాట్లాడలేదు, ఆయనతో సహా. తర్వాత ఒక పెళ్ళిలో ఆయన మేనమామ కొడుకు అందరి ముందూ నవ్వుతూ అడిగాడు: "నీ పెండ్లాం జీపు నడుపుతదంట గదరా?" నందు ముఖం మాడిపోయింది. "దానికేడొస్తది? నేనే నడుపుత. అది ఊకె పక్కన కూసుంటది" అన్నాడు. నేను అక్కడే అందరికీ అన్నం వడ్డిస్తున్నాను. మర్నాటి నుంచే రుమాలు, చొక్కా. పాలు పిండేది నేను, పేడ ఎత్తేది నేను, గుట్ట దింపేది నేను, సంతోష్‌నగర్ ఇళ్ళన్నీ తిరిగి వచ్చి పొయ్యి ముట్టించేదీ నేనే. మధ్యాహ్నం ఒక నిమిషం గోడకు ఆనితే అత్తమ్మ అనేది: "నీకేం అలసట బిడ్డా? జీపుల కూసుండి తిరుగుడే గద." జీపులో కూర్చోవడం అంటే ఏమిటో చెప్పాలంటే ముందు నేను ఎటువైపు కూర్చుంటున్నానో చెప్పాలి కదా.

మొన్న ఎండాకాలం చివర్లో జీపు మొరాయించడం మొదలుపెట్టింది. దానికి గేరుబాక్సు వెనక ఇంకో డబ్బా ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. దాని లివరు 'లో' గేరులో వేస్తే బండి వేగం తగ్గిపోయి బలం పెరుగుతుంది. ఎక్కేటప్పుడు ఆ బలమే పైకి లాగుతుంది. దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకు మీద కాలు వెయ్యాల్సిన పని పెద్దగా ఉండదు. మాది అరిగిపోయి, గుట్ట దిగుతుండగానే లివరు దానంతటదే ఊడి వచ్చేది. అది ఊడిన క్షణంలో బండి ఒక్కసారి తేలికైపోయి ముందుకు ఉరుకుతుంది. నేను ఒక చేత్తో లివరు నొక్కిపట్టి, ఇంకో చేత్తో స్టీరింగు పట్టుకుని దింపేదాన్ని. నందు కళ్ళు మూసుకునేవాడు.

బార్కస్‌లో మెకానిక్ అవద్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్ళాం. డబ్బా విప్పి పళ్ళు అరిగిన గేరు చక్రాలు చూపించి అన్నాడు:

"రెండు సెట్లున్నయి నందు భాయ్. ఒకటి కంపెనీ లెక్క, రెండున్నర. ఇంజన్ దిక్కు రెండున్నర సుట్లు తిరిగితె చక్రాల దిక్కు ఒక్క సుట్టు. ఇంకోటి నాలుగు. షౌక్ కోసం జీపులు తిప్పేటోళ్ళు ఏయించుకుంటరు, రాళ్ళ మీద పాకనీకి."

"ఏది మంచిది?" అన్నాడు నందు.

"మంచిది, ఖరాబు అని ఉండదు భాయ్. బురదల, ఇసుకల రెండున్నర మంచిగ. చక్రం జోరుగ తిరగాలె ఆడ. రాళ్ళ గుట్ట, ఎన్క బరువు, దిగుడు, గట్లయితె నాలుగు. గని మనిషి నడిసినట్టె పోతది. సబర్, ఓపిక ఉండాలె. ఇంతకు కౌన్ చలాతే? ఎవలు నడుపుతరు?"

"నేనే" అన్నాడు నందు.

అవద్ భాయ్ చూపు ఆయన కాలి మీదికి, కర్ర మీదికి పోయి తిరిగి డబ్బా మీదికి వచ్చింది. నేను పాత టైర్ల పక్కన నిలబడి ఉన్నాను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నేను. నా అరిచేతిలో ఆ లివరు ఒత్తిన కాయ ఉంది. మా గుట్టలో బురద కింద కొద్దిగానే, అదీ వానాకాలమే. మిగతాదంతా బండే. పాలక్యాన్లతో ఫికరు లేదు, కానీ బర్రెనో దూడనో దింపాలంటే వెనక ట్రాలీ తగిలించాలి. ట్రాలీకి బ్రేకులుండవు. దిగేటప్పుడు అది వెనక నుంచి జీపును తోస్తుంది, మందలో వెనక నడిచే బర్రె ముందుదాన్ని కుమ్మినట్టు. బ్రేకు తొక్కితే జీపు ఆగుతుంది, ట్రాలీ ఆగదు. తొక్కకుండా దిగాలి. ఇదంతా నా కాళ్ళకు తెలుసు, నడుముకు తెలుసు. నోటితో చెప్పాలంటే మాత్రం నేను ఎవరిని?

అయినా అన్నాను. "నాలుగు ఏయిస్తె మంచిగుంటది గదా. దిగేటప్పుడు ట్రాలీ నూకుతది."

నందు నవ్వాడు. నావైపు చూడలేదు. "మా ఇంటామెకు భయం భాయ్. పక్కన కూసుండనీకె భయపడ్తది. నాలుగేంది, పీనుగెంట పోయినట్టు పోవాల్నా? దోస్తులు నవ్వుతరు. రెండున్నరె ఎయ్యి."

ఇల్లు దగ్గర పడుతుండగా నందు నెమ్మదిగా అన్నాడు: "మంది ముందట గట్ల చెప్పకు పూజితా. నాకింక ఏం మిగిలింది చెప్పు?" ఆ గొంతు విని నా కోపమంతా నీరైపోయింది. ఎప్పుడూ అంతే. ఆయన మోకాలి నొప్పి నా నోటికి అడ్డం పెట్టిన చెయ్యిలా ఉండేది. ఆ చెయ్యి తీసేస్తే ఆయన పడిపోతాడేమో అని నేనే దాన్ని పట్టుకుని నిలబెట్టేదాన్ని.

వానలు పడ్డాక కస్తూరికి నొప్పులు వచ్చాయి. కస్తూరి అంటే మా బర్రెల్లో చిన్నది. దాని తల్లి ఈనగానే చచ్చిపోతే, పాలలో వేలు ముంచి నోట్లో పెట్టి నేనే పెంచాను. నా అడుగు చప్పుడుకే తల తిప్పేది. ఆ రోజు పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నమైనా తెగలేదు. దూడ అడ్డం తిరిగిందని, కొట్టం చూసుకునే నీలమ్మ చెయ్యి పెట్టి చూసి చెప్పింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఈ వానలో గుట్ట ఎక్కడం తన వల్ల కాదు, ఎట్లాగైనా కిందికి దింపమన్నాడు. నీలమ్మా నేనూ కస్తూరిని మెల్లగా ట్రాలీలోకి ఎక్కించి, గడ్డి పరిచి, తాళ్ళతో కట్టాం. నీలమ్మ కాలినడకన ముందు దిగి, దారిలో రాళ్ళు తీస్తూ పోయింది. నందు నా పక్కన కూర్చున్నాడు. "మెల్లగ" అన్నాడు. నేర్పిన రోజుల్లోని గొంతుతో.

'లో'లో మొదటి గేరు వేసి వదిలాను. సగం దూరం బాగానే దిగాం. పెద్ద బండ దగ్గర దారి ఏటవాలుగా తిరుగుతుంది. అక్కడ ట్రాలీ నూకడం మొదలుపెట్టింది. ఇంజను అరుపు పెరిగింది. పట్టుకోలేకపోతోందని నాకు తెలిసిపోయింది. తొక్కకూడదు, తొక్కకూడదు అనుకుంటూనే ఉన్నాను. బండ దగ్గరికొచ్చేసింది. తొక్కాను. తడి రాయి మీద చక్రాలు జారాయి. అద్దంలో ట్రాలీ పక్కకు తిరగడం కనిపించింది. తర్వాత చప్పుడు.

జీపు బండకు ఆని ఆగిపోయింది. మాకు గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ట్రాలీ బోర్లా పడింది. దాని కింద కస్తూరి. నేనూ నీలమ్మా, చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన మేకల కాపర్లూ కలిసి ట్రాలీ ఎత్తాం. కస్తూరి నడుము విరిగిపోయింది. తల ఎత్తబోయి ఎత్తలేక నా వైపు చూసింది. నేను బురదలో కూర్చుని దాని మెడ ఒళ్ళోకి తీసుకున్నాను. కడుపులో దూడ కాసేపు కదిలింది. తల్లి పోయాక కూడా ఇంకాసేపు కదిలింది. నా అరిచెయ్యి అక్కడే ఉంది. ఆ కదలిక ఆగిపోయేదాకా తియ్యలేదు.

ఆ తర్వాత చాలామంది వచ్చారు. కింది బస్తీ వాళ్ళు, మా చుట్టాలు, నందు మేనమామ కొడుకు కూడా. అతనే అడిగాడు: "ఎట్లయిందిరా?"

నందు కర్ర మీద ఒరిగి నిలబడి ఉన్నాడు. వానకు వెంట్రుకలు నుదుటికి అంటుకున్నాయి. నా వైపు చూపుడు వేలు చూపించి అన్నాడు:

"ఇది నడిపింది."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోటినుంచి వినడం అదే మొదటిసారి. సంతోష్‌నగర్‌లో పాలు పోసేటప్పుడు అంటాడేమోనని ఎదురుచూశాను. పండక్కి వచ్చిన నా తమ్ముడి ముందైనా ఒకసారి అంటాడేమో అనుకున్నాను. ఆయన అన్నప్పుడు నేను బర్రె రక్తంలో కూర్చుని ఉన్నాను. అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఆశ్చర్యపోయినవాళ్ళు ఒక్కరూ లేరు. మా సందు వాళ్ళకే కాదు, వీళ్ళకూ ఎప్పటినుంచో తెలుసు. తెలిసినదాన్ని పైకి అనడానికి వాళ్ళకు నా తప్పు ఒకటి కావలసి వచ్చింది.

"ఆడది స్టీరింగు పడ్తె గింతె" అని ఎవరో అన్నారు. ఇంటికెళ్ళాక అత్తమ్మ అదే మాట ఏడుస్తూ అంది. రెండున్నర గురించి ఎవరూ మాట్లాడలేదు. జీపును లాక్కెళ్ళడానికి వచ్చిన అవద్ భాయ్‌ను నేనే పక్కకు పిలిచి అడిగాను. నాలుగు ఉంటే ఆగేదా అని.

ఆయన తాడు ముడి సరిచేశాడు. "తెల్వదు బెహన్. తడి రాయి మీద ఏది చెప్పలేం. గని బ్రేకు మీద కాలు ఎయ్యాల్సిన పని పడకపోతుండె."

ఆ జవాబుతోనే బతకాలి నేను. ఆగేదని చెప్పి ఉంటే నందును తిట్టుకునేదాన్ని. ఆగేది కాదంటే దేవుణ్ణి. తెలియదన్నాడు. అందుకని రోజూ కళ్ళు మూసుకుంటే మళ్ళీ దిగుతాను, మళ్ళీ తొక్కుతాను.

జీపు షెడ్డులో ఉన్నన్నాళ్ళూ నేనూ నీలమ్మా పాలక్యాన్లు నెత్తిన పెట్టుకుని గుట్ట దింపాం. అవద్ భాయ్ షెడ్డుకు ఒక సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళాను. "నాలుగు ఎయ్యి భాయ్" అన్నాను. నందు భాయ్‌ను అడగాలా అన్నాడు. అవసరం లేదన్నాను. ఆయన తల ఊపి పానా అందుకున్నాడు.

జీపు తయారై సందు బయటికి వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. రేపు ఎవరు నడుపుతారని ఎవరూ అడగలేదు. ఆడదాని చేతిలో బండి పెడితే ఇంతేనని ఏడ్చినవాళ్ళు కూడా, పొద్దున్నే బండి తీసేది నేనేననుకుని నిశ్చింతగా అన్నం తింటున్నారు. చెయ్యి కడుక్కుంటూ అత్తమ్మ అంది: "ఇంకింత ముందుగాల్నె పో బిడ్డా. జరిగిందేదో జరిగింది. ఎవల కంట పడకు."

"తెల్లారినంక పోత అత్తమ్మా" అన్నాను. "నా చీరెల్నె పోత."

నందు కంచంలోంచి తల ఎత్తాడు. "మంది ఏమనుకుంటరు? నలుగుర్ల నా ఇజ్జత్ తియ్యకు."

ఆయన ముఖం చూస్తే నాకు ఎప్పటిలాగే జాలి వేసింది. ఆ జాలి పోలేదు, పోతుందని కూడా అనుకోను. కస్తూరి కడుపు మీద నా చెయ్యి ఉన్నప్పుడు ఆయన ఎత్తిన ఆ వేలు కూడా పోలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే అన్నాను. గొంతు పెంచలేదు.

"నడిపింది నేనని నలుగురికి చెప్పింది నువ్వె. ఇగ ఆ మాట వాపస్ తీస్కోకు."